కోయంబత్తూరులో తిరగరాసిన ఉత్తరం

మదురైలో పాస్టర్లకు పది రోజుల మనస్తత్వశాస్త్ర శిక్షణ ఉంది, ఎవరు వెళ్తారని మా అధ్యక్షులు కమిటీలో అడిగితే చెయ్యెత్తింది నేనొక్కణ్నే. మే నెల ఎండలు, రాని తమిళం, పైగా మనస్తత్వశాస్త్రం. మిగతావాళ్ళను ఆపిన ఈ మూడింటిలో ఏదీ నన్ను ఆపలేదు. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో ఆ శాస్త్రం చదివినవాణ్ని నేనేనని నాకు గట్టి నమ్మకం. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి వేసవి అది.

మదురైకి తిన్నగా వెళ్ళకుండా కోయంబత్తూరు మీదుగా ఎందుకు వెళ్ళానో ముందే చెప్పాలి.

ఏడేళ్ళ కిందట మా మిషను హైస్కూల్లో ప్రకాశం అనే యువకుడు సంగీతం చెప్పేవాడు. అతను మరో మగవాడికి రాసిన ప్రేమలేఖ హెడ్మాస్టరు చేతిలో పడింది. కమిటీ కూర్చుంది. "ఇది పాపం. సంఘం ముందు నిలబడి ఒప్పుకోవాలి. ఆరు నెలలు ప్రభు భోజనం ఆపుదాం" అన్నారు పెద్దలు. పాత పద్ధతి అదే: గుళ్ళో అందరూ లేచి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంటుంటే అతను వెనక బెంచీలో కూర్చోవాలి. నేను బెంగుళూరులో కోర్సు చదివి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. లేచి, ఇది పాపం కాదు, జబ్బు అన్నాను. జబ్బుమనిషిని నలుగురిలో నిలబెట్టి సిగ్గుపరచడం క్రైస్తవం కాదు, వైద్యం చేయించాలి అన్నాను. గంటసేపు మాట్లాడి అందర్నీ ఒప్పించాను. మన సంఘం ఈ రోజే ఇరవయ్యో శతాబ్దంలో అడుగుపెట్టిందని ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను.

ప్రకాశాన్ని ఒక పెద్ద ఊళ్ళో మానసిక వైద్యశాలకు పంపాం. మూడు నెలలకు అతను వైద్యం వద్దని వచ్చేశాడు. మందు వద్దనే రోగిని ఏం చేస్తాం? సంఘం పుస్తకంలోంచి పేరు కొట్టేశాం. సంతకం నాది.

ఇప్పుడు కమిటీ ఇలాంటివాళ్ళ పట్ల సంఘం వైఖరి ఎలా ఉండాలో ఒక వ్యాసం రాయమని నాకే అప్పగించింది. ప్రకాశం కోయంబత్తూరు దగ్గర ఏదో మిల్లులో ఉన్నాడని విన్నాను. అతని సంగతి చూసి వస్తే వ్యాసంలో ఉదాహరణగా పనికొస్తుందనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. చిరునామా అతని అక్క ఇచ్చింది. "చూసి రండి అయ్యగారూ. మళ్ళీ ఏ ఆసుపత్రికీ మాత్రం పంపకండి" అంది.

గాంధీపురం

కోయంబత్తూరులో రైలు దిగగానే ముందుగా మెచ్చుకోవలసింది మంచినీళ్ళు. కొండల్లోంచి వచ్చే ఆ నీళ్ళు తియ్యగా ఉంటాయంటే నేను నమ్మలేదు. మూడు గ్లాసులు తాగాక నమ్మాను. గాంధీపురంలో బస్టాండు ఎదురుగా లాడ్జిలో దిగాను. గది రోజుకు ఎనిమిది రూపాయలు, బకెట్టు వేణ్ణీళ్ళు ఉచితం. ఇడ్లీలు మన వాటికంటే చిన్నవి, మెత్తవి. మనం చట్నీలో ఇడ్లీ ముంచుకుంటే వీళ్ళు ఇడ్లీ మీద సాంబారు గుమ్మరించుకుంటారు. వద్దని నేను చెయ్యి అడ్డం పెట్టేలోగా నా ఆకు చెరువైపోయింది.

నా పంచె అంచుకు తాంబూలం మరక పడితే కొత్తది కొందామని ఓ జవుళి దుకాణంలోకి వెళ్ళాను. వచ్చిన నాలుగు తమిళం ముక్కలూ కూడగట్టుకుంటుంటే గల్లాపెట్టె దగ్గరున్న పెద్దాయన నవ్వి, "తెలుగులోనే చెప్పండంగ. మేమూ తెలుగోల్లమే" అన్నాడు.

ఆయన తాతల తాతలు ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. ఇంట్లో తెలుగే. చదవడం, రాయడం రాదు. దుకాణం పైన పేరు కూడా తమిళంలోనే ఉంది.

"మీ తెలుగు రేడియోలో వార్తల మాదిరి ఉండాది. శానా బాగుండాది. ఆనా సగం అర్థం కాలేదు" అన్నాడాయన. "ఆనా" అంటే కానీ అని, మాట చివర "అంగ" అంటే అండీ అని. ఆయన మాటల్లో సగం నాకూ అర్థం కాలేదు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. పంచె మీద రెండు రూపాయలు తగ్గించాడు, అడక్కుండానే.

సూలూరు దారిలో

ప్రకాశం ఉండే చోటు సూలూరు వెళ్ళే దారిలో ఒక నూలుమిల్లు వెనక. దిగవలసిన చోటు పేరు కండక్టరు అరిచే ఉంటాడు. నేను అనుకున్నట్టుగా అరవలేదు. తీరా సూలూరులో దిగి, నెత్తిమీద విమానం చెవులు చిల్లులు పడేలా పోతుంటే, వచ్చిన దారినే మండుటెండలో రెండు మైళ్ళు వెనక్కి నడిచాను. దారి పొడవునా ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడే. కంచెల మీద, తుమ్మకొమ్మల మీద దూది తెల్లగా పట్టుకుని ఉంది.

మిల్లు వెనక ఒకే కప్పు కింద ఎనిమిది ఇళ్ళు వరసగా ఉన్నాయి. వాటి యజమానురాలు రంగమ్మ గారు వాకిట్లో చింతపండు ఒలుస్తోంది. అరవై ఏళ్ళుంటాయి. నా తెలుగు వినగానే లేచింది.

"ప్రకాశానికి కావలసినోల్లా? సంగు ఊదితే వస్తాడు. మీరు ఎండలో పడి వచ్చినారు. మొదట నీల్లు పోసుకోండి."

నేను నిర్ఘాంతపోయాను. మా వైపు నీళ్ళోసుకున్నారంటే కడుపుతో ఉన్నారని అర్థం. యాభై ఏళ్ళ మగవాణ్ని పట్టుకుని ఈ మాటేమిటని చూస్తుంటే ఆమె పెరట్లో తొట్టెనీ, చెంబునీ చూపించింది. స్నానం చేయమని అన్నమాట! తర్వాత ఆ సంగతి చెబితే ఆమె చింతపండు గంప పక్కన పెట్టి మరీ నవ్వింది.

మిల్లు సైరను మోగింది. దాన్నే వీళ్ళు సంగు అంటారు. జుట్టు మీద, కనుబొమల మీద దూది రేణువులతో మనుషులు గుంపుగా బయటికొచ్చారు. వాళ్ళలో ప్రకాశాన్ని నేను గుర్తుపట్టలేదు. అతనే గుర్తుపట్టి ఆగిపోయాడు.

"అక్కకేమైనా అయ్యిందా అయ్యగారూ?"

"లేదు, లేదు. అందరూ బాగున్నారు. మదురై వెళ్తూ చూసి పోదామని."

అతను జుట్టు మీది దూది దులుపుకున్నాడు. తర్వాత లోపలికి రమ్మన్నాడు.

అతనిది మిల్లులో టైమాఫీసు గుమాస్తా పని. ఒకటే గది, ఒక వంటిల్లు. అతనితో రామసామి అని మిల్లు ఫిట్టరు ఉంటున్నాడు, రంగమ్మ గారి అక్క కొడుకు. నలభై ఏళ్ళ భారీ మనిషి. వేళ్ళకు నూనె మరకలు. నాకు నమస్కారం పెట్టి వంటింట్లోకి వెళ్ళి బియ్యం, కందిపప్పు కలిపి వండే ఈ ప్రాంతపు అన్నం వండాడు. పైన నెయ్యి, పక్కన అప్పడం. ఇంత తేలికైన వంట మనవాళ్ళకెందుకు తట్టలేదో తెలియదు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

భోజనమయ్యాక నేనే కదిపాను. "ఆరోగ్యం ఎలా ఉంది ప్రకాశం?"

"ఏ ఆరోగ్యం గురించి అడుగుతున్నారండీ?"

 అతనే చెప్పాడు. "అక్కడ వైద్యమంటే ఏం చేశారో మీరెప్పుడూ అడగలేదు. చేతికి తీగ కట్టేవారు. గోడ మీద బొమ్మలు చూపించేవారు. మగవాడి బొమ్మ వచ్చినప్పుడల్లా కరెంటు. ఆడమనిషి బొమ్మ వస్తే ఆపేవారు. రోజుకు రెండు పూటలు. చివరికి చెయ్యి వణకడం మొదలైంది. హార్మోనియం మీద వేళ్ళు నిలవలేదు. అప్పుడొచ్చేశాను."

"నాకు తెలియదు" అన్నాను.

"తెలియదు. మీరు మంచి చేద్దామనుకున్నారు. అదీ నాకు తెలుసు." గొంతు పెంచకుండానే మాట్లాడుతున్నాడు. "ఒక్క మాటండీ. ఆ రోజు పెద్దల మాటే నెగ్గి ఉంటే ఆరు నెలలు వెనక బెంచీలో కూర్చునేవాణ్ని, తర్వాత లోపలికి తీసుకునేవారు. పాపానికైతే క్షమాపణ ఉందండీ. జబ్బుకేముంది? నయం కాకపోతే అంతే. మీరు నాకు ఆ తలుపు కూడా మూసేశారు."

రెండు మైళ్ళు నడిచి వచ్చిన అలసట అప్పుడు తెలిసింది నాకు.

ఇక్కడ ఊళ్ళో తమిళ లూథరన్ గుడి ఉంది. ప్రకాశం ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం వెళ్తున్నాడు. కానీ ఊరు మారిన సభ్యుడు పాత సంఘం నుంచి బదిలీ ఉత్తరం తేవాలి. అది లేకుండా ప్రభు భోజనానికి లేవకూడదని అతనే నియమం పెట్టుకున్నాడు. "నాకు మీ నుంచి కావలసింది అదొక్కటే" అన్నాడు.

"ఆలోచిస్తాను. మదురై నుంచి రాస్తాను" అన్నాను. కొట్టేసిన పేరు మీద కమిటీని అడగకుండా ఉత్తరం ఇచ్చే అధికారం నాకు లేదు.

రామసామి నన్ను బస్సుదాకా దిగబెట్టాడు. దారిలో ఒకే ప్రశ్న అడిగాడు. "ఆ కాగితం ఉంటే ఆయనకి రొట్టి ఇస్తారాంగ? ఆదివారం ఆదివారం పోతాడు, వస్తాడు. వచ్చినంక సాయంత్రందాకా మాట ఉండదు."

దిండిగల్

మర్నాడు పళని కొండ పక్కగా మదురై బస్సు దిండిగల్ చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఊళ్ళో ముందు తోళ్ళ వాసన ఎదురొస్తుంది, దాని వెనకే బిరియానీ వాసన. రెండోది గెలుస్తుంది. బియ్యం జీలకర్రంత సన్నం. ముక్కలు చిన్నవి, మిరియాల ఘాటు. ఆకులో కొసరు వేయించుకుని తింటున్నాను. బయట నా బస్సు వెళ్ళిపోయింది, నా సంచీతో సహా. సంచీలో రెండు జతల బట్టలూ, సగం రాసిన వ్యాసమూ ఉన్నాయి.

తాళాలు చేసే దుకాణం అరుగు మీద తర్వాతి బస్సు కోసం కూర్చున్నాను. దుకాణదారుతో అరగంట మాట్లాడాను. అతను తమిళం, నేను తెలుగు. ఇద్దరికీ అర్థమైన మాట "బస్సు" ఒక్కటే. అయినా టీ ఇప్పించాడు. వ్యాసం పోతే పోయిందనిపించింది. అందులో ప్రకాశాన్ని గురించి "వైద్యాన్ని నిరాకరించిన రోగి" అని రాసి పెట్టుకున్నాను.

సంచీ పోలేదు. మదురై బస్టాండులో కండక్టరు భద్రంగా పెట్టి, ఇస్తూ తమిళంలో చాలాసేపు తిట్టాడు. అర్థం కాకపోవడం ఒక్కోసారి వరం.

మదురై

మదురైలో మల్లెపూలు మూరలతో కాక పొట్లాలతో అమ్ముతారు. వాటి మొగ్గలు మన మొగ్గలకంటే లావు. గుంటూరు చేరేలోగా వాడిపోయే ఆ పూలను మా ఆవిడకు తీసుకెళ్ళలేనే అని బాధపడ్డాను. ఉదయం ఇడ్లీకి నాలుగు రకాల చట్నీలు పెడతారు. సాంబారు గుమ్మరించడం మాత్రం ఇక్కడా అంతే.

శిక్షణకు ఇరవైమంది పాస్టర్లం వచ్చాం. చాలామంది తమిళులు. పాఠాలు ఇంగ్లీషులో. నాలుగో రోజు పాఠం చెప్పడానికి వచ్చినావిడ డాక్టర్ సరోజ. ఊళ్ళోనే మానసిక వైద్యురాలు. యాభై దాటిన మనిషి, నూలు చీర, ముక్కు మీదకు జారే కళ్ళజోడు.

పాఠం మధ్యలో ఆమె మామూలు విషయం చెప్పినట్టు చెప్పింది, అమెరికాలో మానసిక వైద్యులు మగవాళ్ళు మగవాళ్ళను ప్రేమించడాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేశారని, తనకూ అది జబ్బుగా తోచడం లేదని. గదిలో గుసగుసలు లేచాయి. ఒకాయన బైబిలు తెరిచాడు. నేను లేచి నిలబడ్డాను.

"డాక్టరుగారూ, మేము పాపమన్నాం. కాదు, జబ్బు అని మీరన్నారు. మీ పుస్తకాలు చదివి నేను మా సంఘాన్ని ఒప్పించాను. ఒక మనిషిని వైద్యానికి పంపాను. ఇప్పుడు జబ్బు కూడా కాదంటున్నారు. మరి ఆ మనిషికి ఎవరు జవాబు చెబుతారు?"

నా గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. ఆమె కళ్ళజోడు తీసి, "మీరు తెలుగువారా?" అంది తెలుగులో. "సాయంత్రం ఇంటికి రండి. ఇది వందమాటల విషయం."

ఆమె ఇల్లు పాత వీధిలో, సన్నటి వాకిలి, లోపల విశాలం. నాయకరాజుల కాలంలో వచ్చిన తెలుగు కుటుంబమట. ఆమె తల్లి నన్ను చూసి "కూకోండి, కాఫీ తాగుదురు" అంది. ఈ "దురు"లు నేను పాత పద్యాల్లో తప్ప వినలేదు. డాక్టరుకు మాత్రం తెలుగు మధ్యలో తమిళం, తమిళం మధ్యలో ఇంగ్లీషు.

"నేనూ ఆ కరెంటు వైద్యం చేసినదాన్నే" అంది ఆమె కాఫీ చేతికిస్తూ. "శానా సంవత్సరాల ముందు. ముగ్గురికి. బుక్‌లో ఉండె, చేస్తిని. ఒకడు నయమైపోయిందని పొయ్యి పెండ్లి చేసుకునె. రెండేండ్లకి వాడి పెండ్లాము వచ్చి నా ముందర ఏడ్చె. అప్పురం, అది అయినంక, నేను ఆ మెషిన్ ముట్టలేదు."

"అయితే మీ పుస్తకం మారేదాకా మేము కనిపెట్టుకుని ఉండాలా? రేపు మళ్ళీ మారితే?"

"అదే చెప్తా ఉండాను. మనిషికి జబ్బు ఉండాదా లేదా అని నన్ను అడగండి, చెప్తాను. వాడు మీ గుడిలో మీతో కూడా కూకోని తినవచ్చా అని నన్ను అడగొద్దు. అది డాక్టర్‌ని అడిగే మాట కాదు. మీరు అది మాకు ఎందుకు ఇచ్చేస్తిరి?"

 ఎందుకిచ్చామో నాకు తెలుసు. పెద్దలతో వాదించడం కంటే డాక్టర్లకు అప్పగించడం సులువు. ఆ రోజు కమిటీలో నేను ప్రకాశాన్ని కాపాడాననుకున్నాను. నేను చేసింది అతన్ని మా చేతుల మీద నుంచి దింపుకోవడం.

శిక్షణ ముగిసే దాకా ఉన్నాను. వ్యాసం మాత్రం చింపేశాను. మద్రాసు టికెట్టు మార్చుకుని మళ్ళీ కోయంబత్తూరు బస్సెక్కాను. దిండిగల్‌లో దిగలేదు.

మళ్ళీ కోయంబత్తూరు

శనివారం మధ్యాహ్నం చేరాను. ప్రకాశం, రామసామి ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. కాగితం, కలం తీసి అక్కడే నేల మీద కూర్చుని ఉత్తరం రాశాను. అలవాటైన పని, ఐదు నిమిషాలు పట్టలేదు. ప్రకాశం చదివాడు. మడిచి నా చేతికే ఇచ్చేశాడు.

"తీసుకోను అయ్యగారూ."

"ఏం?"

"'పశ్చాత్తాపపడినందున తిరిగి చేర్చుకోబడినాడు' అని రాశారు. నేను పశ్చాత్తాపపడలేదు."

చూస్తే నిజమే. పాతికేళ్ళుగా రాస్తున్న వాక్యం, చెయ్యి దానంతటదే రాసేసింది. "ఈ మాట లేకపోతే అక్కడి పాస్టరుగారు ఎందుకు తీశారని అడుగుతారు ప్రకాశం. ఉంటే ఏ గొడవా ఉండదు."

"అబద్ధం చెప్పి భోజనానికి లేచేవాణ్నే అయితే ఆరేళ్ళ కిందటే లేచేవాణ్ని గదండీ. నన్నిక్కడ అడిగినవాడెవడు?"

రామసామి వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూస్తున్నాడు. నేను ఇంకో కాగితం తీశాను. ఈసారి చాలాసేపు పట్టింది. ముందు "మా తప్పు" అని రాశాను. కమిటీని అడక్కుండా "మా" అనడానికి వీల్లేదు. అది కొట్టేసి మూడో కాగితం మీద ఇలా రాశాను. "ఇతను మా సభ్యుడు. ఇతను మగవాణ్ని ప్రేమించినందుకు జబ్బుమనిషి అని చెప్పి పేరు తీసేయించాను. ఇతను జబ్బుమనిషి కాడు. తీసేయించడం నా తప్పు. ఇతన్ని మీ సంఘంలో చేర్చుకోగలరు." కింద సంతకం పెట్టాను.

ప్రకాశం రెండుసార్లు చదివాడు.

"నన్ను క్షమించు" అన్నాను.

"అది నిదానంగా చూద్దామండీ. ముందు గుడికి పోదాం పదండి. పాస్టరుగారు ఐదింటికి బయటికెళ్తారు."

తమిళ పాస్టరుగారు సన్నటి ముసలాయన. ఆయనకు తెలుగు చదవడం రాదు. నాకు తమిళం రాదు. అందుకని ప్రకాశమే తన ఉత్తరాన్ని తానే తమిళంలో చదివి చెప్పాడు, ఒక్కొక్క వాక్యం. మొదటి రెండు బాగానే చెప్పాడు. "జబ్బుమనిషి కాడు" అన్న దగ్గర ఆగి మంచినీళ్ళు అడిగాడు. తాగి మళ్ళీ మొదలుపెట్టాడు. "నా తప్పు" అన్నచోట నావైపు వేలు చూపించి చెప్పాడు, ఆయన పొరబడకుండా.

పాస్టరుగారు కాగితం తీసుకుని తనకు రాని అక్షరాల్ని చాలాసేపు చూశారు. తర్వాత ఇంగ్లీషులో నన్నడిగారు, ఇందులో ఉన్నదంతా మీరు ఎరిగే రాశారా అని. ఎరిగే రాశానన్నాను. ఇది నాకు ఒప్పుకోవడం కష్టం అన్నారాయన.  ఆయన ప్రకాశం వైపు తిరిగి తమిళంలో ఏదో అన్నారు. ప్రకాశం నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. బయటికొచ్చాక ఏమన్నారని అడిగాను.

"ఆరేళ్ళుగా చివరి బెంచీలో కూర్చుని లేవకుండా పోతుంటే నేను రోమన్ కాథలిక్కు అనుకున్నారట. రేపు ఎనిమిదింటికి ఆలస్యం చేయకు అన్నారు."

మర్నాడు నేను అతని పక్కనే మోకరించాను. మా గుడిలో పీఠం ముందున్న కమ్మీ పట్టుకుని మోకరిస్తాం. ఇక్కడ చేతులు జోడించి నిలబడతారేమో అనుకున్నాను, కానీ ఇక్కడా మోకాళ్ళే. ప్రకాశం నోట్లో రొట్టె పెట్టుకుని ఎంతకీ లేవలేదు. వరసలో వెనకవాళ్ళు ఆగారు. ఎవరూ తొందరపెట్టలేదు. గుడి బయట వేపచెట్టు నీడలో రామసామి సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రకాశం మెట్లు దిగుతూనే అతనితో మాట్లాడడం మొదలుపెట్టాడు. ఇద్దరూ నడుస్తూ వెళ్ళిపోయారు. నాతో వెళ్ళొస్తానని చెప్పడం కూడా మరిచిపోయాడు.

గుంటూరు

కొత్త వ్యాసం రెండు పేజీలు రాశాను, ఉత్తరం సంగతితో సహా. కమిటీ దాన్ని ఆమోదించలేదు, తిరస్కరించనూ లేదు, ఫైల్లో పెట్టింది. ఆ కమిటీలో ఇప్పుడు నేను లేను. రేపల్లె దాటాక ఒక చిన్న సంఘానికి వేశారు. చేపలు బాగా దొరుకుతాయి, మనుషులు మంచివాళ్ళు, ఫిర్యాదేమీ లేదు. నా చివరి సమావేశం సంగతి చెప్పి ముగిస్తాను.

"ఎవర్ని అడిగి ఇచ్చారండీ ఈ ఉత్తరం?" అన్నారు అధ్యక్షులు.

"మదురైలో డాక్టరుగారిని అడిగాను."

"ఆవిడ ఇవ్వమన్నారా?"

"నన్నడగొద్దు అన్నారండీ."

ఏడేళ్ళ కిందట ప్రకాశాన్ని ఆరు నెలలు వెనక కూర్చోబెడదామన్న పెద్దాయన అప్పుడు తల ఊపాడు. నన్ను మెచ్చుకోవడానికో, చెప్పలేదా అనడానికో తెలియదు.

అధ్యక్షులు ఫైలు మూశారు. "ఇంకా పెద్దది కాకముందే ఆ సంఘానికి రాసి ఉత్తరం వెనక్కి తెప్పించండి" అన్నారు.

"కాగితమైతే తెప్పించవచ్చండీ" అన్నాను. "కానీ ఆయన ఇప్పటికి నాలుగు ఆదివారాలు తిన్నాడు."